మాయామాళవగౌళకు గిటారు తోడు

మన తెలుగు సంఘములలోనికి గిటారు రాకమునుపే కీర్తన ఉన్నది. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) కర్ణాటక రాగములలో కీర్తనలు కూర్చి యిచ్చిరి. రాగమునకు స్వరముల వరుస చాలును. గిటారుకు మూడేసి స్వరములు కలిసి పలుకవలెను. చిక్కు ఇక్కడనే.

సంగీతపు తొలి పాఠములకు వాడు మాయామాళవగౌళ 15వ మేళకర్త. పాశ్చాత్యులు దీని స్వరములనే డబుల్ హార్మోనిక్ అందురు. ఇందు స-గ-ప, రి-మ-ధ మేజరు కార్డులు. గ-ప-ని, మ-ధ-స మైనరు కార్డులు. అయితే రిషభము శుద్ధమగుటచే, పాశ్చాత్య గీతముల ముగింపునకు వాడు పంచమపు మేజరు కార్డు ఇందు దొరకదు. అలవాటుకొద్దీ దానినే మీటినచో చతుశ్శ్రుతి రిషభము చొరబడి రాగము చెడును. రి-మ-ధ బారు కార్డును ఒక్క మెట్టు దించినచో స-గ-ప వచ్చును. ముగింపునకు అది చాలును.

ధరూరు వంటి పల్లె సంఘములలో గిటారు పట్టు యువకులను మేము కోరునది ఒక్కటే: పెద్దలు పాడు రాగము విన్న పిదపనే తీగ మీటుడు.