తాళం వెనక నాలుగువందల కార్లు

ఖరీదైన స్పోర్ట్స్ కార్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా వాటి యజమానుల్ని రెండు కుప్పలుగా పోయడం మనకి అలవాటు. కారంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఒక కుప్ప. కారు దిగుతుంటే నలుగురూ తల తిప్పి చూడాలని కొనేవాళ్ళు ఇంకో కుప్ప. మొదటివాళ్ళు ఇంజన్ చప్పుడు విని అది ఏ మోడలో చెప్పేస్తారు. రెండోవాళ్ళకి ధర ఒక్కటే కంఠతా వచ్చు. మన గౌరవమంతా మొదటి కుప్పకి, వెటకారమంతా రెండో కుప్పకి. డబ్బున్నవాడి మీద సహజంగా ఉండే చిరాకుని కూడా “పోనీలే, వాడికి నిజంగానే కార్లంటే పిచ్చి” అన్న ఒక్క మాట చల్లారుస్తుంది.

ఆ “పోనీలే” ఎంత దూరం నిలబడుతుంది? ఈ ప్రశ్న అడగడానికి నాకు తెలిసిన మంచి చోటు ఫ్రాన్స్ తూర్పు కొసన, అల్సాస్ ప్రాంతంలో ఉన్న మ్యులూజ్ అనే మిల్లుల ఊరు.

కథ మొదలయ్యేది మాత్రం అదే అల్సాస్‌లో, దానికి ఉత్తరాన ఉన్న మోల్స్‌హైమ్‌లో. మిలాన్‌లో పుట్టిన ఎత్తోరె బుగాటీ 1909లో అక్కడ కార్ల ఫ్యాక్టరీ పెట్టాడు. అతని తండ్రి ఫర్నిచర్ కళాకారుడు, తమ్ముడు శిల్పి. ఇంజన్‌ని కూడా చూడ్డానికి అందంగా ఉండాల్సిన వస్తువుగానే చూసిన మనిషి అతను. 1924లో లియోన్‌లో జరిగిన గ్రాండ్ ప్రీలో మొదటిసారి కనిపించిన టైప్ 35 అతని కార్లన్నింటిలోకీ పేరు మోసింది. గుర్రపు నాడా ఆకారంలో రేడియేటర్, అల్యూమినియం చక్రాలు, సన్నటి ఒళ్ళు. సిసిలీ కొండదారుల్లో జరిగే టార్గా ఫ్లోరియో పందేన్ని 1925 నుంచి 1929 దాకా వరసగా ఐదేళ్ళు బుగాటీలే గెలిచాయి. డబ్బులుంటే ఎవరైనా కొనుక్కుని, తామే నడుపుకుంటూ పందేనికి వెళ్ళగలిగిన కారు అది.

అదే బుగాటీ, రాజుల కోసమని రొయాల్ అనే ఇంకో కారు కూడా చేశాడు. పన్నెండు లీటర్లు దాటిన ఇంజన్, చిన్న లారీ అంత పొడవు. భోజనం దగ్గర మర్యాద తెలీదని ఒక రాజుగారికి దాన్ని అమ్మనన్నాడని కథ ప్రచారంలో ఉంది. అయితే రాజులెవరూ కొనలేదు. ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. మొత్తం ఆరు తయారైతే బయటివాళ్ళకి అమ్ముడైనవి మూడే. మొదటిదాన్ని 1932లో కొన్న బట్టల వ్యాపారి, రాత్రిపూట నడపను కదా అని హెడ్‌లైట్లు వద్దన్నాడు. మిగిలిపోయిన ఇంజన్లని బుగాటీ రైలు పెట్టెలకి అమర్చి అమ్ముకున్నాడు. ఒకే ఫ్యాక్టరీలోంచి, ఒకే మనిషి బుర్రలోంచి, టైప్ 35 లాంటి ప్రేమా, రొయాల్ లాంటి దర్పమూ పుట్టాయన్నమాట. ఈ రెండింటి మధ్యా గీత మొదట్నించీ అంత స్పష్టంగా ఏమీ లేదు.

1939లో కొడుకు జాఁ బుగాటీ ఒక కారుని పరీక్షిస్తూ ప్రమాదంలో చనిపోయాడు. 1947లో ఎత్తోరె పోయాడు. ఆ తరవాత ఫ్యాక్టరీ మళ్ళీ నిలదొక్కుకోలేదు. యుద్ధం తరవాతి యూరప్‌లో పాత బుగాటీ అంటే విడిభాగాలు దొరకని పాత కారు, అంతే. దాన్ని అట్టే పెట్టుకోవడం వల్ల ఎవరికీ హోదా పెరిగేది కాదు. పక్కింటివాళ్ళు నవ్వితే నవ్వేవాళ్ళు కూడా.

స్పోర్ట్స్ కార్ల చరిత్రలో ఇలాంటి కాలాలు నాకు ఆసక్తిగా ఉంటాయి. 1962, 1964 మధ్య ఫెరారీ చేసిన 250 జీటీఓలకీ ఇదే జరిగింది. చేసిందే 36. పందేల్లో వాటి కాలం అయిపోగానే అవి సెకండ్ హ్యాండ్ బళ్ళయిపోయాయి. పింక్ ఫ్లాయిడ్ డ్రమ్మర్ నిక్ మేసన్ 1970లలో ఒకటి కొని, దశాబ్దాల తరబడి దాన్ని రేసు ట్రాక్‌ల మీద పరిగెత్తిస్తూనే ఉన్నాడు. 2018లో కాలిఫోర్నియా వేలంలో అలాంటిదే ఒకటి 4 కోట్ల 84 లక్షల డాలర్లకి పోయింది. ఇప్పుడు కొనేవాడిది ప్రేమో, పెట్టుబడో, పేరు కోసమో చెప్పడం కష్టం. ఎవరికీ అక్కర్లేనప్పుడు కొన్నవాడి ప్రేమని మాత్రం శంకించలేం.

ఈ పరీక్షలో మొదటి మార్కుతో నెగ్గే మనిషి ఫ్రిట్స్ ష్లుంఫ్.

ఫ్రిట్స్, అతని అన్న హాన్స్ ఇటలీలో పుట్టారు. నాన్నది స్విట్జర్లాండ్, అమ్మ జాన్‌ది మ్యులూజ్. అమ్మతో పాటు అల్సాస్ వచ్చి, ఉన్ని వ్యాపారంలో దిగి, 1930లలో సొంత కంపెనీ పెట్టారు. ఒకదాని తరవాత ఒకటిగా నూలుమిల్లులు కొంటూ ఆ ప్రాంతంలో పెద్ద యజమానులయ్యారు. లెక్కలూ కాగితాలూ హాన్స్ చూసుకునేవాడు. ఫ్రిట్స్‌కి కార్ల పిచ్చి. 1930ల చివర్లోనే ఒక టైప్ 35 కొని కొండదారి పందేల్లో నడిపాడు. మోల్స్‌హైమ్ బళ్ళు అతనికి తన ప్రాంతపు బళ్ళు కూడా.

1960ల మొదట్లో ఆ పిచ్చి అదుపు తప్పింది. ప్రపంచంలో ఏ బుగాటీ ఎవరి దగ్గరుందో చిరునామాలు సంపాదించి, అమ్ముతారా అంటూ ఉత్తరాలు రాయించాడు. చితికిపోయిన మోల్స్‌హైమ్ ఫ్యాక్టరీ దగ్గరున్న కార్లు కొన్నాడు. ఎత్తోరె బుగాటీ సొంతానికి వాడుకున్న రొయాల్ వాటిలో ఒకటి. 1964లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో జాన్ షేక్‌స్పియర్ అనే సేకర్త దగ్గర ముప్ఫై బుగాటీలు ఒక్కసారే కొన్నాడు. వాటిని వరసగా ఓపెన్ గూడ్స్ బళ్ళ మీదకెక్కించి తీసుకెళ్ళిన ఫొటో కార్ల చరిత్ర చదివేవాళ్ళకి బాగా తెలుసు. ఆ ముప్ఫైలో రెండో రొయాల్ వచ్చింది. గోర్దినీ రేసు కార్లు, మెర్సిడెస్‌లు, ఫెరారీలు, మాసెరాటీలు, రోల్స్ రాయిస్‌లు కూడా చేరాయి. మొత్తం నాలుగువందలు దాటాయి. అందులో వందకి పైగా బుగాటీలే.

ఇన్ని కార్లనీ ఎక్కడ పెట్టాడు? మ్యులూజ్‌లో తాము కొన్న ఒక పాత ఉన్నిమిల్లులో. యంత్రాలు తీసేసిన షెడ్డు, నాలుగెకరాలకి పైనే ఉంటుంది. లోపల కంకర పరిచి బాటలు వేయించాడు. పారిస్‌లోని అలెగ్జాండర్ వంతెన మీదుండే దీపస్తంభాల నకళ్ళు వందల్లో చేయించి నిలబెట్టించాడు. మెకానిక్కులు, వడ్రంగులు, సీట్లకి తోలు కుట్టేవాళ్ళు ఏళ్ళ తరబడి అక్కడ పని చేశారు. లోపల ఏముందో బయట చెప్పకూడదని వాళ్ళకి ఆంక్ష. ఎప్పటికైనా తెరవాలనుకున్న ఈ మ్యూజియాన్ని అన్నదమ్ములు చనిపోయిన అమ్మకి అంకితమిచ్చారు. కానీ తెరవలేదు. పన్నెండేళ్ళకి పైగా అడిగి పిలిపించుకున్న కొద్దిమంది తప్ప దాన్ని చూసినవాళ్ళు లేరు.

మన రెండు కుప్పల లెక్కలో ఫ్రిట్స్‌ని ఎందులో వేయాలి? కారు వేసుకుని ఊళ్ళో తిరిగి అసూయ పుట్టించలేదు. ధర పెరుగుతుందని కొని మారుబేరానికి అమ్మలేదు. ఏ చక్రం ఏ సంవత్సరానిదో తెలిసినవాడు, చెడిపోయినవాటిని బాగు చేయించినవాడు. నలుగురికీ చూపించుకోవాలన్న యావ లేని ప్రేమ ఇంతకన్నా స్వచ్ఛంగా ఎక్కడ దొరుకుతుంది?

కథ ఇక్కడ ఆగిపోతే బాగుండేది. కానీ ఆ షెడ్డు గోడకి అవతల మిల్లులున్నాయి.

1970లు యూరప్ బట్టల పరిశ్రమకి చెడ్డకాలం. కృత్రిమ దారాలు, చవక దిగుమతులు, 1973 చమురు సంక్షోభం అన్నీ కలిసి ఉన్నిమిల్లుల నడుం విరిచాయి. ష్లుంఫ్ మిల్లుల్లో జీతాలు తక్కువన్న అసంతృప్తి ముందునుంచీ ఉంది. 1976లో ఉద్యోగాల కోత మొదలైంది, సమ్మెలు మొదలయ్యాయి. అన్నదమ్ములు సరిహద్దు దాటి స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కి వెళ్ళిపోయారు. మ్యులూజ్‌కి బాసెల్ ముప్ఫై కిలోమీటర్ల దూరం. వెయ్యిమందికి పైగా కార్మికులు వెనక మిగిలిపోయారు.

1977 మార్చి 7న యూనియన్ కార్యకర్తలు ఆ తాళం వేసిన షెడ్డులోకి జొరబడ్డారు. కార్లు కొన్ని ఉన్నాయని ఊళ్ళో వినికిడి ఉండేది గానీ, ఇది ఎవరూ ఊహించలేదు. దీపస్తంభాల కింద, వరస వెనక వరసగా, తళతళలాడుతూ నాలుగువందల కార్లు. తమకి కంపెనీ దగ్గర డబ్బుల్లేవని చెప్పిన కాలమంతా ఆ డబ్బు ఎటు వెళ్ళిందో వాళ్ళకి అప్పుడు కంటికి కనిపించింది. కంపెనీ సొమ్ముని కార్ల మీదకి మళ్ళించారన్న ఆరోపణతో తరవాత కేసులు కూడా నడిచాయి.

ఆ తరవాత వాళ్ళు చేసిన పని గురించి నేను ఎక్కువగా ఆలోచిస్తుంటాను. కోపం తీర్చుకోడానికి ఒక చిన్న ఆస్టిన్ సెవెన్‌ని తగలబెట్టారు. బుగాటీలని ముట్టుకోలేదు. షెడ్డుని ఆక్రమించుకుని, దానికి కార్మికుల మ్యూజియం అని పేరు పెట్టి, తలుపులు తెరిచి జనాన్ని రమ్మన్నారు. రెండేళ్ళ పాటు వాళ్ళే కాపలా కాశారు. లక్షలమంది వచ్చి చూశారు. ఈ కార్లకి విలువుందనీ, ఆ విలువలో తమ వాటా ఉందనీ తెలిసినవాళ్ళు చేసే పని అది. నిజానికి అక్కడ కొన్నిటిని బాగు చేసిన చేతులు కూడా ఆ కంపెనీ కూలివాళ్ళవే.

మనకి ఇలాంటి వ్యవహారం కొత్త కాదు. సంగీతం కోసం, సానిమేళాల కోసం, గ్రంథాలు అచ్చు వేయించడం కోసం ఉన్నదంతా ఊడ్చిన జమీందార్ల గురించి ఎంతో ముచ్చటగా చెప్పుకుంటాం. ఆ ఖర్చు ఏ రైతు కట్టిన శిస్తులోంచి వచ్చిందన్నది ఆ ముచ్చట్లలో సాధారణంగా ఉండదు. 1975లో “ముత్యాలముగ్గు” వచ్చాక కళాపోషణ అన్న మాట నవ్వు రాకుండా వినడం తెలుగువాడికి కష్టం. ఆ సినిమాలో కాంట్రాక్టర్‌ది ఉత్త డాబు కాబట్టి మనం హాయిగా నవ్వుతాం. డాబు కాకుండా నిజంగా రసికుడే అయ్యుంటే నవ్వేవాళ్ళమా? అప్పుడు మనకి కొంచెం ఇబ్బందిగా ఉండేది. ఫ్రిట్స్ పెట్టే ఇబ్బంది అలాంటిదే.

అవతలి వాదన కూడా బలమైనదే. ఫ్రిట్స్ కొనకపోతే ఆ కార్లలో చాలావాటికి దిక్కుండేది కాదు. ముక్కలై తుక్కుకి పోయేవి, లేదా తరవాత ధరలు పెరిగాక నాలుగు దేశాల గ్యారేజీల్లోకి చెదిరిపోయేవి. బుగాటీ అనే మనిషి జీవితం మొత్తం ఒక్క కప్పు కింద కనపడుతోందంటే కారణం ఫ్రిట్స్ పిచ్చే. కార్లు కొనకుండా ఉంటే మిల్లులు బతికేవా అంటే, అల్సాస్‌లో కార్ల పిచ్చి లేని యజమానుల మిల్లులు కూడా మూతపడ్డాయి.

ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా ఒక విషయం మిగులుతుంది. ప్రేమ నిజమా కాదా అన్నది ప్రేమించేవాడి గురించిన ప్రశ్న. ఆ ప్రేమకి డబ్బు ఎవరు కట్టారన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి మంచి జవాబు దొరికింది కదా అని రెండోదాన్ని అడగడం మానేస్తాం. డాబు కోసం కొన్నవాణ్ణి చూసి మనకి అసహ్యం వేస్తుంది కాబట్టి వాడి డబ్బు సంగతి కూడా గుర్తొస్తుంది. పిచ్చితో కొన్నవాణ్ణి చూసి ముచ్చటేసి అది మరిచిపోతాం. మనమూ కార్లని ప్రేమిస్తాం కాబట్టి వాడు మన జట్టే అనిపిస్తుంది. అభిరుచి ఉందా లేదా అని కొలిచి మనిషికి మార్కులు వేయడం కూడా ఒక రకం హోదా లెక్కే. కాకపోతే దాని కొలత డబ్బు కాకుండా పరిజ్ఞానం.

మ్యులూజ్ కథ చివరికి ప్రభుత్వం చేతికి వెళ్ళింది. కార్లు దేశం దాటి అమ్ముడైపోకుండా 1978లో వాటిని చారిత్రక సంపదగా ప్రకటించారు. 1981లో 4 కోట్ల 40 లక్షల ఫ్రాంకులకి ఒక సంఘం సేకరణ మొత్తాన్నీ కొంది. 1982లో అదే షెడ్డు జాతీయ మ్యూజియంగా తెరుచుకుంది. అన్నదమ్ములిద్దరూ ఇప్పుడు లేరు. మోల్స్‌హైమ్‌లో మళ్ళీ బుగాటీలు తయారవుతున్నాయి. 1998లో ఫోక్స్‌వాగన్ ఆ పేరు కొని, 2005 నుంచి వేరాన్ అనే కారుని 450 మాత్రమే చేసింది. అవి కొన్నవాళ్ళని కూడా జనం యథాప్రకారం రెండు కుప్పలుగా పోస్తూనే ఉన్నారు.

మ్యులూజ్‌లో ఎవరైనా టికెట్ కొనుక్కుని వెళ్ళి, ఆ దీపస్తంభాల కింద టైప్ 35ల వరసల పక్కన ఎంతసేపైనా నిలబడొచ్చు. ఏ బుగాటీనీ ఎప్పటికీ కొనలేని మనిషి దాన్ని ప్రేమించడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఆ అవకాశం కల్పించినవాళ్ళు ఇద్దరు: కార్లని పోగుచేసిన ఫ్రిట్స్, తలుపు తెరిచిన కార్మికులు. మ్యూజియం అధికారిక పేరులో ఇవాళ్టికీ “ష్లుంఫ్ సేకరణ” అన్న మాట ఉంది. కార్మికుల మ్యూజియం అన్న పేరు మాత్రం ఆ రెండేళ్ళతోనే పోయింది.