కొలంబస్ ఎవరి మనిషి?

అక్టోబరు రెండో సోమవారం వచ్చిందంటే అమెరికాలో మన ఐటీ జనాలకి ఒకటే సందేహం: ఇవాళ సెలవా, కాదా? బ్యాంకులు ఉండవు, పోస్టాఫీసు ఉండదు, మనకి మాత్రం స్టాండప్ మీటింగు మామూలే. ఇండియాకని బయల్దేరి బహామాస్‌లో దిగి, అదే ఇండియా అనుకున్న పెద్దమనిషికి సెలవేంటని నేను జోకులేసేవాణ్ణి. ఓసారి లంచ్‌లో అదే జోకు వేస్తే, మా టీములోని ఇటాలియన్ మూలాలున్న పెద్దాయన నవ్వలేదు. "మా తాతల కాలంలో తలెత్తుకోడానికి ఆ పేరు తప్ప ఇంకేం దొరకలేదు" అన్నాడంతే. ఆ మాట పట్టుకుని చదవడం మొదలెట్టా.

ఈ సెలవు కథ అర్థం కావాలంటే 1492కి కాదు, 1890కి వెళ్ళాలి. ఆ అక్టోబరులో న్యూ ఆర్లీన్స్ పోలీసు చీఫ్ డేవిడ్ హెనెసీని ఎవరో కాల్చి చంపారు. అనుమానం సిసిలీ నుంచి వచ్చిన కూలీజనం మీద పడింది. తొమ్మిది మందిని విచారిస్తే ఒక్కరికీ శిక్ష పడలేదు. 1891 మార్చి 14న వేల మంది జైలు మీద పడి 11 మందిని చంపేశారు. అందులో ఐదుగురి మీద అసలు విచారణే మొదలవలేదు! చేసింది రౌడీమూక అనుకునేరు, ముందు నడిచింది ఊళ్ళో పేరున్న లాయర్లే. న్యూయార్క్ టైమ్స్ చచ్చినవాళ్ళనే తిట్టిపోసింది. తర్వాత ప్రెసిడెంటయిన థియొడర్ రూజ్‌వెల్ట్, జరిగింది మంచిదేనన్నట్టు ఇంటికి ఉత్తరం రాశాడు.

ఇటలీ తన రాయబారిని వెనక్కి పిలిపించుకుంది. 1892లో అమెరికా 25,000 డాలర్ల పరిహారం కట్టింది. ఆ ఏడాదే ప్రెసిడెంట్ హారిసన్, కొలంబస్ వచ్చిన 400 ఏళ్ళ పండగని దేశమంతా జరపమని ప్రకటించాడు. ఇటలీతో గొడవ చల్లార్చడం కూడా అందులో ఒక ఉద్దేశమని చాలామంది చరిత్రకారుల మాట. (అన్నట్టు, ఆ పండగ అక్టోబరు 21న చేశారు. పాత క్యాలెండరులో 12 అంటే కొత్త దాంట్లో 21 అని లెక్క. తర్వాత మళ్ళీ 12కే వెళ్ళిపోయారు. డేట్ బగ్గులు మన కంటే ముందే ఉన్నాయన్నమాట.)

న్యూయార్కులో కొలంబస్ సర్కిల్ విగ్రహం కూడా అప్పటిదే, ఇటాలియన్ పత్రిక ఒకటి చందాలు పోగేసి పెట్టించింది. తమాషా ఏంటంటే, కొలంబస్ ఉత్తరాన జెనోవావాడు, వలస వచ్చినవాళ్ళు ఎక్కువమంది దక్షిణాది వాళ్ళు. ఆయన కాలానికి ఇటలీ అనే దేశమే లేదు. అయినా "మీ కంటే ముందొచ్చింది మావాడే" అనడానికి పనికొచ్చాడు.

1907లో కొలరాడో తొలిసారి రాష్ట్ర సెలవు చేసింది. అంత మాత్రాన గౌరవం వచ్చేసిందా అంటే లేదు. 1924 చట్టం ఇటాలియన్ల కోటాని ఏడాదికి నాలుగు వేల లోపుకి కుదించింది. మనవాళ్ళకైతే 1917లోనే తలుపులు మూసేశారు, 1946లో ఏడాదికి 100 మందికి సందిచ్చారు. ఈ కోటాల గోలని తీసేసిన 1965 చట్టం వాళ్ళకీ మనకీ ఒకటే. కొలంబస్ డే సోమవారానికి మారి, ఫెడరల్ సెలవుగా అమల్లోకి వచ్చింది 1971లో.

ఇక రెండో వైపు. 1495లో కొలంబస్ సుమారు 500 మంది టైనో జనాన్ని బానిసలుగా ఓడలెక్కించి స్పెయిన్ పంపాడు, దార్లోనే 200 మంది దాకా చనిపోయారు. 1500లో స్పెయినే ఆయన్ని సంకెళ్ళేసి వెనక్కి రప్పించింది, పాలన అంత ఘనంగా వెలగబెట్టాడు. అందుకే 1992లో బర్క్‌లీ నగరం ఆ రోజుని మూలవాసుల రోజు చేసింది. 2020లో ఊరూరా విగ్రహాలు కూలాయి. ఒకరి అవమానానికి మందుగా ఇంకొకరి హంతకుణ్ణి నిలబెట్టారు. ఆ సంగతి అప్పట్లో ఎవరికీ తట్టకపోవడమే నాకు బాధ.

2020లో కొలరాడోయే తన సెలవు మార్చేసింది. వలసవాళ్ళ కోసం బళ్ళూ ఆస్పత్రులూ పెట్టిన ఫ్రాన్సెస్ కాబ్రినీ పేరు పెట్టింది. ఆవిడా ఇటలీ నుంచి వచ్చినావిడే. నా ఓటు ఆవిడకే. పెద్దాయన్ని అడిగితే, కాబ్రినీ అయితే తనకీ సరేనట. కొలంబస్‌ని తీసేసి, ఆ చోటు ఖాళీగా వదిలేస్తేనే ఊరుకోనన్నాడు.