ఒక పీఠాధిపతి, రెండు పీఠాలు

పోలండు పశ్చిమభాగమున గ్నియెజ్నో అను చిన్న నగరమున్నది. గూడు అను అర్థమిచ్చు పోలిష్ పదమునుండి ఆ పేరు పుట్టినదందురు. లెక్ అను మూలపురుషుడు అచ్చట తెల్లని గరుడపక్షి గూటిని చూచి ఊరు కట్టెనని ఐతిహ్యము. మన తెలుగు కతోలికులు మేత్రాసనమని వ్యవహరించు పీఠముల చరిత్రలో ఈ గూటికొక విశేషమున్నది. ఒకే గురువు రెండు నగరముల పీఠములను ఏకకాలమున అధిష్ఠించు పద్ధతి ఇచ్చట 171 సంవత్సరములు నడిచినది.

పోలండులో తొలి పీఠము గ్నియెజ్నోది కాదు. 968లో పొజ్నాన్ నగరమునకు బిషప్పు వచ్చెను. 997లో ప్రష్యనుల చేత హతుడైన వోయ్‌చెహ్ అను సాధువు దేహమును రాజు బొలెస్లావ్ ఎత్తు బంగారమిచ్చి విడిపించెనని ప్రతీతి. ఆ సమాధి ఉన్న గ్నియెజ్నోకు 1000లో అగ్రపీఠము దక్కెను. అచ్చటి ప్రధానాలయపు కంచు తలుపులపై ఆ సాధువు చరిత్ర 18 దృశ్యములుగా నేటికిని కానవచ్చును. రాజు గతించి వేరొకరు ఎన్నికగువరకు రాజ్యభారము వహించువాడు గ్నియెజ్నో అగ్రపీఠాధిపతియే.

1793లో ఈ రెండు నగరములును ప్రష్యా వశమయ్యెను. రాజ్యమే పటమునుండి చెరిగిన పిమ్మట, 1821లో ఏడవ పయస్ పోపు పొజ్నాన్‌ను కూడ అగ్రపీఠముగా హెచ్చించి, రెండింటికి ఒకే అధిపతి యుండునట్లు శాసించెను. ఒకటి మరొకదానికి లోబడదు; రెండును సమానములే.

ఆ జంటపీఠమునకు 1866లో వచ్చిన లెదుహోవ్‌స్కి మొదట ప్రష్యా ప్రభుత్వముతో సఖ్యము కోరినవాడు. అయితే పాఠశాలలలో మతబోధ జర్మను భాషలోనే జరుగవలెనన్న ఆజ్ఞకు ఆయన తలయొగ్గలేదు. 1874లో చెరసాల పాలయ్యెను. 1875లో చెరలో ఉండగనే పోపు ఆయనను కార్డినల్‌గా చేసెను. భాష చెప్పి బ్రదికిన నావంటి వానికి ఈ ఘట్టము మరపునకు రాదు. పిల్లవాడు ఏ భాషలో ప్రార్థించవలెనో ప్రభుత్వము నిర్ణయింపరాదని ఆయన నిలిచెను.

1946లో గ్నియెజ్నోకు జంట మారినది. పొజ్నాన్ విడిపోయి రాజధాని వార్సా జతకూడెను. 1948 నుండి ఆ రెండింటికి అధిపతియైన విషిన్‌స్కిని కమ్యూనిస్టు ప్రభుత్వము 1953 నుండి 1956 దాకా నిర్బంధించెను. 1992లో రెండవ జాన్ పాల్ పోపు ఈ బంధమును విడదీసెను. దేశపు ప్రధాన గురువను బిరుదు మాత్రము వార్సాలోని గ్లెంప్ వద్దనే నిలిచి, 2009లో గ్నియెజ్నోకు తిరిగివచ్చెను.

బలము పెద్దనగరములది, పేరు చిన్ననగరముది. ఆ పేరును విడువనందుననే, రాజ్యము లేని కాలమునను పోలండు ప్రజలకొక గూడు మిగిలినది.