చక్రం చెప్పే దూరం, ఉపగ్రహం చెప్పే దూరం

పదవీ విరమణ తరువాత మళ్లీ సైకిలెక్కుతున్నవారు ఇటీవల పెరుగుతున్నారు. నడకతో మోకాళ్లు నొప్పిపెట్టేవారిలో చాలామందికి ఇది మంచి వ్యాయామమే. అయితే సైకిలు కొన్న కొద్ది నెలలకే వారి దృష్టి హ్యాండిల్ మీద అమర్చుకొనే జి.పి.ఎస్. కంప్యూటరు మీదికి మళ్లుతున్నది. "ఏది కొనమంటారు? అది చూపే లెక్కను ఎంతవరకు నమ్మవచ్చు?" అని నన్ను తరచుగా అడుగుతున్నారు. రెండవ ప్రశ్నకు సమాధానం తెలిస్తే మొదటిది దానంతట అదే తేలుతుంది. ఆ సమాధానం చరిత్రలో ఉన్నది.

గులకరాయి లెక్క

మన పెద్దలు దూరాన్ని కూతవేటు, క్రోసు, ఆమడ అని చెప్పుకొనేవారు. నిత్యజీవితానికి ఆ కొలతలు సరిపోయాయి. రాజ్యాలు నడపడానికి, సైన్యాలు కదపడానికి అంతకంటె ఖచ్చితమైన లెక్క కావలసివచ్చింది. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దానికి చెందిన రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ తన గ్రంథంలో ఒక బండిని వర్ణించాడు. దాని చక్రం ఒక్కసారి తిరిగితే పన్నెండున్నర అడుగులు. 400 చుట్లు తిరిగితే 5000 అడుగులు, అంటే ఒక రోమన్ మైలు. మైలు పూర్తికాగానే పళ్లచక్రాల అమరిక ఒక గులకరాయిని కంచుపాత్రలోకి జారవిడుస్తుంది. ప్రయాణం ముగిశాక రాళ్లు లెక్కపెట్టుకుంటే చాలు.

1895లో అమెరికాలో కర్టిస్ వీడర్ అనే ఇంజనీరు సైకిలుకు తగిలించే చిన్న మీటరుకు పేటెంటు పొందాడు. ముందు చక్రం ఊచకు బిగించిన చిన్న కడ్డీ, చుట్టుకొకసారి మీటరులోని పంటిని తట్టి అంకెను ముందుకు నెట్టేది. 1980 దశకంలో కడ్డీ స్థానంలో అయస్కాంతం, అంకెల స్థానంలో ఎలక్ట్రానిక్ తెర వచ్చాయి. సూత్రం మాత్రం విట్రూవియస్‌దే: చుట్టుకొలతను చుట్లతో గుణించడం.

ఈ పద్ధతిలో పొరపాటు ఎక్కడ దొర్లుతుందో గమనించండి. సాధారణమైన 700×28 టైరు చుట్టుకొలత సుమారు 2.13 మీటర్లు. పరికరంలో ఆ అంకెను రెండు సెంటీమీటర్లు తప్పుగా నమోదు చేస్తే దాదాపు ఒక శాతం తేడా వస్తుంది, అంటే 100 కిలోమీటర్లకు ఒక కిలోమీటరు. గాలి తగ్గినా, మనిషి బరువు పెరిగినా టైరు కొద్దిగా నొక్కుకొని లెక్క మారుతుంది. అయినా ఈ తప్పులో ఒక నిజాయితీ ఉన్నది. అది ప్రతిరోజూ ఒకే దిశలో, దాదాపు ఒకే మేరకు తప్పుతుంది. కిలో ఎక్కువ చూపే తూకపు యంత్రమైనా, మీరు బరువు తగ్గుతున్నారో పెరుగుతున్నారో సరిగానే చెప్పగలదు కదా!

కొలిచేవాని బాధ్యత

1802 ఏప్రిల్ 10న మద్రాసు సమీపాన సెయింట్ థామస్ మౌంట్ వద్ద విలియం లాంబ్టన్ ఒక ఆధారరేఖను కొలవడం మొదలుపెట్టాడు. భారతదేశపు మహా త్రికోణమితీయ సర్వేకు అది పునాది. 100 అడుగుల ఉక్కు గొలుసుతో ఏడున్నర మైళ్లు కొలవడానికి 57 రోజులు పట్టింది. ఎండకు ఉక్కు సాగుతుంది కనుక గొలుసును నీడలో ఉంచి, పక్కనే ఉష్ణమాపకాలు పెట్టి, వేడిని బట్టి లెక్కను సవరించారు. కొలత ఎంత అని మాత్రమే కాక, అందులో తప్పు ఎంత ఉండవచ్చునని కూడా లాంబ్టన్ అడిగాడు. నేటి తెరలు మొదటి సంగతి మాత్రమే చెబుతాయి. రెండవది మనం అడిగి తెలుసుకోవలసిందే.

ఆకాశంలోని గడియారాలు

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించింది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో విలియం గయర్, జార్జ్ వైఫెన్‌బాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాని సంకేతాలు వింటూ, శబ్దస్థాయిలోని మార్పును బట్టి ఉపగ్రహపు దారిని కనుగొన్నారు. ఉపగ్రహం ఎక్కడున్నదో తెలిస్తే, వింటున్నవాడు ఎక్కడున్నాడో కూడా కనుక్కోవచ్చునని వారి పైఅధికారి ఫ్రాంక్ మెక్లూర్ ఆ లెక్కను తిరగవేశాడు. అలా నౌకాదళం కోసం ట్రాన్సిట్ వ్యవస్థ పుట్టింది. దాని తరువాతి తరమైన జి.పి.ఎస్. మొదటి ఉపగ్రహం 1978 ఫిబ్రవరి 22న ఎగిరింది.

1983 సెప్టెంబరు 1న దారితప్పి సోవియట్ గగనతలంలోకి ప్రవేశించిన కొరియన్ విమానాన్ని కూల్చివేయగా 269 మంది మరణించారు. ఆ విషాదం తరువాత జి.పి.ఎస్.ను పౌరులకూ ఉచితంగా అందిస్తామని అమెరికా ప్రకటించింది. కానీ సైనిక కారణాల వల్ల పౌర సంకేతాన్ని ఉద్దేశపూర్వకంగా చెడగొట్టి వదిలేవారు. తేడా 100 మీటర్ల వరకు ఉండేది. అంటే మీరు ఒక వీధిలో ఉంటే పరికరం పక్క వీధిలో చూపేది. 2000 మే మొదటి వారంలో ఆ ఆంక్ష తొలగింది. ఆ తరువాతనే సైకిలు మీద జి.పి.ఎస్. అర్థవంతమైనది. గార్మిన్ సంస్థ ఎడ్జ్ పరికరాలను 2005లో ప్రకటించింది.

జి.పి.ఎస్. నిజానికి కొలిచేది కాలాన్ని. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల నుండి సంకేతం చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం లెక్కిస్తుంది. సెకనులో పది లక్షలవ వంతు తప్పితే దూరం 300 మీటర్లు తప్పుతుంది. అందువల్ల ఉపగ్రహాలలో అణుగడియారాలు ఉంచుతారు. మీ పరికరంలోని చవక గడియారపు తప్పును కూడా తేల్చడానికి కనీసం నాలుగు ఉపగ్రహాలు కనబడాలి.

గడియారం ఎంత కీలకమో మన దేశపు అనుభవమే చెబుతుంది. మన నావిక్ వ్యవస్థలో తొలి ఉపగ్రహం 2013 జూలై 1న శ్రీహరికోట నుండి బయలుదేరింది. కొన్నేళ్లకే దానిలోని అణుగడియారాలు పనిచేయడం మానివేశాయి. దాని స్థానంలో 2017 ఆగస్టు 31న పంపిన ఉపగ్రహం ఉష్ణకవచం విడిపోక వృథా అయింది. 2023 మే 29న ఎగిరిన ఎన్.వి.ఎస్.-01లో స్వదేశీ అణుగడియారం అమర్చారు. సామాన్య పరికరాలు అందుకోగల ఎల్1 పౌనఃపున్యాన్ని కూడా అందులో చేర్చారు.

మారథాన్ దారిని కొలిచేది సైకిలే

ఎత్తైన భవనాల మధ్య సంకేతం గోడలకు తగిలి ఆలస్యంగా చేరుతుంది. దట్టమైన చెట్ల కింద బలహీనపడుతుంది. ఫ్లైఓవరు కింద తెగిపోతుంది. అప్పుడు తెరమీది గీత అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగుడు దూరాన్ని పెంచుతుంది. కొన్ని సెకన్లకొకసారి మాత్రమే స్థానం నమోదయితే మలుపులు కోసుకుపోయి దూరం తగ్గుతుంది. చక్రపు తప్పు స్థిరమైనదైతే ఉపగ్రహపు తప్పు చంచలమైనది.

ఈ కారణం చేతనే నేటికీ మారథాన్ దారిని అధికారికంగా కొలిచేది సైకిలు చక్రంతోనే. 1971లో అమెరికన్ ఇంజనీరు అలన్ జోన్స్ తన కుమారుడు క్లెయిన్ పేరుమీద ఒక చిన్న లెక్కింపు పరికరం రూపొందించాడు. దానిని ముందు చక్రానికి బిగిస్తారు. ఉక్కు టేపుతో కొలిచిన దూరం మీద సైకిలును ముందొకసారి, పని ముగిశాక మరొకసారి నడిపి సరిచూస్తారు. ఆపైన దారి తక్కువ కాకుండా వెయ్యింట ఒక వంతు కలుపుతారు. 42.195 కిలోమీటర్లకు అది 42 మీటర్లు. లాంబ్టన్ గొలుసు పక్కన ఉంచిన ఉష్ణమాపకానికి ఇది వారసత్వమే. పరుగు ముగిశాక చేతి గడియారం అరకిలోమీటరు ఎక్కువ చూపిందని నిర్వాహకులను నిందించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఎత్తు, పాదరసం

1648లో ఫ్రాన్సులో పాస్కల్ కోరికపై ఆయన బావ పెరియే పాదరసపు గొట్టంతో ప్యూయ్ ద డోమ్ పర్వతం ఎక్కి, పైకి వెళ్లేకొద్దీ పాదరసం దిగుతుందని చూపించాడు. మా తరం వైద్యులు రక్తపోటు కొలిచినదీ పాదరసపు మట్టంతోనే. నేటి మంచి సైకిలు కంప్యూటర్లలో పాదరసం లేని చిన్న వాయుపీడన మాపకం ఉంటుంది. ఎక్కిన ఎత్తును అది కేవలం జి.పి.ఎస్. కంటె మెరుగ్గా చెబుతుంది. కానీ సముద్రమట్టం దగ్గర ఒక్క హెక్టోపాస్కల్ మారితే ఎనిమిది మీటర్లకు పైగా తేడా వస్తుంది. వాయుగుండం పట్టిన రోజున విశాఖ బీచి నుండి బయలుదేరి అక్కడికే తిరిగివస్తే, పరికరం మీరు కొంత ఎత్తున ఆగినట్లు చూపవచ్చు.

ప్రాణం మీదికి వచ్చే అంకె

ఇంతవరకు చెప్పిన తప్పులు దారికి సంబంధించినవి. వాటివల్ల ఎవరికీ హాని లేదు. దేహానికి సంబంధించిన అంకెల సంగతి వేరు.

1707లో ఇంగ్లండులో జాన్ ఫ్లోయర్ అనే వైద్యుడు, సరిగా ఒక నిమిషం నడిచే గడియారంతో నాడిని లెక్కించడం గురించి గ్రంథం ప్రచురించాడు. 1982లో ఫిన్లాండుకు చెందిన పోలార్ సంస్థ ఛాతీ పట్టీ నుండి తీగ లేకుండా గుండె వేగాన్ని అందించే పరికరాన్ని తెచ్చింది. కొలత బాగుపడింది. కానీ ఆ కొలతను దేనితో పోల్చాలి? చాలా పరికరాలు వాడే సూత్రం 220 నుండి వయస్సును తీసివేయడం. ఫాక్స్, నాటన్, హాస్కెల్ అనే పరిశోధకులు 1971లో కొద్దిపాటి అధ్యయనాల నుండి గీసిన సుమారు రేఖ అది. 2001లో తనకా బృందం మరో సూత్రం చెప్పింది: 208 నుండి వయస్సులో పదింట ఏడు వంతులు తీసివేయాలి. డెబ్బయి ఏళ్లవారికి మొదటి లెక్క ప్రకారం గరిష్ఠ వేగం 150, రెండవ లెక్క ప్రకారం 159. ఒక్కొక్క మనిషిలో పది, పన్నెండు స్పందనలు అటూ ఇటూ ఉండడం మామూలే.

బీటా బ్లాకర్ మందు వాడేవారికి ఈ రెండు సూత్రాలూ వర్తించవు. ఆ మందు గుండె వేగాన్ని అదుపులో ఉంచుతుంది. ఆయాసం మించిపోయినా తెరమీద 105 దగ్గరే అంకె నిలిచి, "మీరు తేలిక వ్యాయామంలో ఉన్నారు" అన్నట్లు ఆకుపచ్చగా కనబడవచ్చు. ఆ రంగును నమ్మి మరింత తొక్కడం ప్రమాదకరం. మాట్లాడలేనంత ఆయాసం, ఛాతీలో బరువు, దవడకో ఎడమచేతికో పాకే నొప్పి, కళ్లు తిరగడం, వీటిలో ఏది కనబడినా వెంటనే దిగండి. తగ్గకపోతే ఆలస్యం చేయక 108కి ఫోను చేయండి. తగ్గినా ఆ రోజే వైద్యునికి చూపించుకోండి.

కేలరీల లెక్క మరీ బలహీనం. తొక్కే బలాన్ని స్వయంగా కొలిచే పవర్ మీటరును జర్మనీలో ఉల్రిష్ షోబెరర్ 1986లో రూపొందించాడు. అది లేని పరికరం బరువు, వేగం, గుండె వేగాల నుండి కేలరీలను ఊహిస్తుంది. ఆ ఊహను నమ్మి మధుమేహులు ఆహారాన్ని గాని, ఇన్సులిన్‌ను గాని సొంతంగా మార్చరాదు. గ్లూకోమీటరును చూసి, వైద్యుని సలహాతోనే మార్చుకోవాలి.

ఇక ఎంపిక

ఖరీదును కాక అవసరాన్ని చూడండి. నగరంలోనో చెట్ల నీడలోనో తిరిగేవారు రెండు పౌనఃపున్యాలను అందుకొనే పరికరాన్ని ఎంచుకోవాలి. కొండదారులవారికి వాయుపీడన మాపకం అవసరం. 200 కిలోమీటర్ల బ్రెవేలకు వెళ్లేవారికి పదమూడున్నర గంటల గడువు ఉంటుంది కనుక బ్యాటరీ అంతకు మించి నిలవాలి. అందరికీ నేను చెప్పేది చక్రానికి తగిలించే వేగ సెన్సరు, ఛాతీ పట్టీ. హ్యాండిల్ అదురుకు మణికట్టు మీది కాంతి సెన్సరు తడబడుతుంది.

కొన్న తరువాత రెండు పరీక్షలు చేయండి. టైరు మీద, నేల మీద సుద్దతో గుర్తు పెట్టి, సైకిలు మీద కూర్చొని ఐదు చుట్లు ముందుకు నడిపి, టేపుతో కొలిచి ఐదుతో భాగించండి. అదే మీ చుట్టుకొలత. తరువాత ఒకే దారిని ఐదు రోజులు తొక్కి, జి.పి.ఎస్. చూపిన ఐదు దూరాలను ఒక కాగితం మీద రాసుకోండి. వాటిలో అతి పెద్దదానికి, అతి చిన్నదానికి మధ్య తేడాను చూస్తే మీ పరికరాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తెలుస్తుంది. నిన్నటికంటె నేడు అంతకు తక్కువ తేడాతో ముందున్నారని సంతోషించనూ వద్దు, వెనుకబడ్డారని దిగులుపడనూ వద్దు.