మూడున్నర సూతుల బోల్టు

బాన్సువాడలో బోధన్ రోడ్డు పక్కన రేకుల షెడ్డు. నాట్ల రోజులు కాబట్టి గుమ్మం ముందంతా ట్రాక్టర్ల కేజ్‌వీల్సే. నిజాంసాగర్ కాలువ కింది బురద మళ్లలో తిరిగి అరిగిపోయిన పట్టీలకు కొత్త ఇనుము అతుకుతున్నారు. నిప్పురవ్వలు కాళ్ల మీద పడకుండా పక్కనుంచి లోపలికి రండి. ట్రాలీ ఛాసిస్‌కు అవతల, సిమెంటు ఇటుకల మీద, పైపులతో కట్టిన చిన్న బండి నిలబడి ఉంది. చక్రాలు లేవు, ఇంజిన్ లేదు. సీటు మాత్రం బిగించి ఉంది.

"కూసోండ్రి" అంటాడు ఉస్తాద్, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ. "బెల్టు సంగతి కాగితం మీద తెల్వది. మనిషి కూసుంటెనే తెలుస్తది."

పై పైపు పట్టుకుని, ఒక కాలు లోపల వేసి, ఒళ్లు వంచి సీట్లోకి జారండి. తలకు పైనా, భుజాలకు పక్కనా, వీపు వెనకా అంతా పైపులే. బండి బోల్తా కొట్టినా ఈ పైపులు నలగకూడదు. అయితే అవి మిమ్మల్ని కాపాడాలంటే మీరు వాటి మధ్యలోనే ఉండాలి. సీట్లోంచి ఎగిరితే మొదట మీ తలకు తగిలేవి అవే. అందుకే ఈ ఒక్క బెల్టు పనికే పూటంతా పెట్టుకున్నారు.

బండి తయారుచేస్తున్నది ఈ ఊరి కుర్రాడే. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. బాజా ఎస్ఏఈ ఇండియా పోటీకి వాళ్ల జట్టు కట్టుకున్న బండి ఇది. 1976లో అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో మొదలైన ఆ పోటీ మన దేశానికి 2007లో వచ్చింది. ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో గుట్టల మీదా గుంతల మీదా విద్యార్థులు తమ చేతులతో కట్టిన బండ్లనే తోలతారు. విదేశాల్లో విడిభాగాలు కొని ఇంట్లో కారు కట్టుకునే అలవాటు ఉంది. మన దగ్గర దానికి దగ్గరగా ఉన్నది ఈ పిల్లల పనే.

కుర్రాడు కవరు విప్పి బెల్టు బయటికి తీస్తాడు. ఆరు పట్టీలు, మధ్యలో గుండ్రటి బకిల్. ముందు పట్టీ చివర కుట్టిన చీటీ చదువుతాడు. రేసు బండ్ల భద్రతా ప్రమాణాలు ఇచ్చే ఎస్ఎఫ్ఐ సంస్థ చీటీ ఉన్న బెల్టుకు తయారైన నాటి నుంచి రెండేళ్లే ఆయుష్షు. అలాంటిదే ఇంకో సంస్థ ఎఫ్ఐఏ. దాని చీటీ అయితే దాని మీదే గడువు తేదీ అచ్చు వేసి ఉంటుంది. చూడ్డానికి కొత్తగానే కనిపించినా ఎండకు దారం లోపల్లోపల బలహీనపడుతుంది. పాత సామాన్ల దుకాణంలో దొరికిన బెల్టు ఏ ప్రమాదంలో ఎంత సాగిందో ఎవరికీ తెలియదు. దాన్ని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకూడదు.

మొదట నడుము పట్టీ. "మీ చెయ్యి పక్కకు పెట్టి ఒత్తి చూస్కోండ్రి. ఎముక తగుల్తుందా? గా ఎముక కిందికెల్లి పోవాలె." మీ వేళ్లకు తుంటి ఎముక ముందు అంచు గట్టిగా తగులుతుంది. పట్టీ దానికి కిందుగా, తొడలు మొదలయ్యే చోట పడుకోవాలి. రెండు అంగుళాలు పైకి జరిగితే కడుపు మీదికి వస్తుంది. అక్కడ ఎముక లేదు, పేగులూ కాలేయమూ ఉన్నాయి. పట్టీ ఎక్కడ పడుతుందన్నది దాన్ని కింద ఎక్కడ కట్టామన్నదాన్ని బట్టి ఉంటుంది. కుర్రాడు కోణమానిని పట్టుకుని వంగుతాడు. ఇలా నిటారుగా కూర్చునే సీటులో పట్టీ నేలతో 45 నుంచి 65 డిగ్రీల కోణంలో కిందికి దిగాలి. ఇప్పుడు 38 ఉంది. ఉస్తాద్ ఏమీ అనకుండా సుద్దముక్కతో గీసిన గుర్తు చెరిపి, ముందుకు జరిపి మళ్లీ గీస్తాడు.

తర్వాత భుజాల పట్టీలు. వీపు వెనక అడ్డంగా ఉన్న పైపుకు వాటిని చుట్టాలి. ఆ పైపు మీ భుజాలకు దాదాపు సరిసమానంగా ఉండాలి. మరీ కిందికి, సీటు వెనక నేలకు కట్టారనుకోండి, బండి గుద్దుకున్నప్పుడు పట్టీలు మిమ్మల్ని వెనక్కి ఆపడంతో సరిపెట్టవు, కిందికి కూడా లాగుతాయి. ఆ నొక్కుడంతా వెన్నెముక మీద పడుతుంది. నాలుగు పట్టీల బెల్టు తెచ్చి పాత జీపుల్లో, జిప్సీల్లో బిగించుకునేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

కాళ్ల మధ్య నుంచి వచ్చే రెండు పట్టీలు ఇబ్బందిగా అనిపిస్తాయి. తీసేయమని అడగకండి. భుజాల పట్టీలు బిగించగానే అవి మధ్య బకిల్‌ను పైకి లాగుతాయి. బకిల్‌తో పాటు నడుము పట్టీ కూడా కడుపు మీదికి పాకుతుంది. దాన్ని కిందికి పట్టి ఉంచేవి ఈ పట్టీలే.

ఇప్పుడు అసలు పని. ఉస్తాద్ రేకు డబ్బాలో చెయ్యి పెట్టి, ట్రాలీలకు వాడే 12 ఎంఎం బోల్టు తీస్తాడు.

"అది కాదు ఉస్తాద్. బెల్టు బోల్టు వేరే ఉంటది."

కుర్రాడు అందించిన బోల్టును ఉస్తాద్ వెలుతురులో తిప్పి చూస్తాడు. వెర్నియర్ పెట్టి, "మూడున్నర సూతులు" అంటాడు. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మూడున్నర సూతులంటే 7/16 అంగుళం. ప్రపంచంలో చాలా కార్ల సీటు బెల్టులకు ఇదే కొలత, అంగుళానికి 20 మరలు. మన హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే మిల్లీమీటర్ నట్లు దీనికి సరిపోవు. బలవంతంగా తిప్పితే రెండు మూడు చుట్లు ఎక్కినట్టే ఉంటుంది. ఆ చుట్లలోనే మరలు తెగిపోతాయి, బిగిసిందని మనం నమ్ముతాం.

ఎంత బలం పడుతుందో లెక్క చూడండి. 60 కిలోల మనిషి, గంటకు 36 కిలోమీటర్ల వేగం. ఎదురుగా గుట్ట తగిలి అర మీటరులో ఆగాడు. బెల్టు మీద సగటున 600 కిలోల బరువు పడుతుంది. కొనుగోలు కేంద్రంలో 40 కిలోల వడ్ల బస్తాలు పదిహేను ఒకేసారి మీ నడుముకూ భుజాలకూ కట్టి లాగినట్టు. వేగం రెట్టింపై, అంతే దూరంలో ఆగితే నాలుగింతలు. పట్టీ ఆ బరువు మోస్తుంది, దాన్ని అందుకోసమే నేశారు. మోయలేనిది తప్పు బోల్టు, పలచటి రేకు, పైపైన పెట్టిన వెల్డింగ్.

"పైపుకు తూటు ఏద్దామా?" అని ఈసారి కుర్రాడు అడుగుతాడు.

"ఏస్తె గాడ్నే ఒంగుతది" అని ఉస్తాద్ తల అడ్డంగా ఊపుతాడు. ట్రాలీలు విరిగి వస్తే అతికే మనిషి ఆయన, ఇనుము ఎక్కడ తెగుతుందో ఆయనకు పుస్తకం చెప్పక్కర్లేదు. పైపుకు రంధ్రం వేయకుండా, రెండు మందపాటి పట్టాలను పక్కపక్కన అతికి, బోల్టు రెండింటిలోంచీ పోయేలా చేస్తాడు. ఒకవైపే పట్టు ఉంటే బోల్టు వంగుతుంది. వెల్డింగ్ మొదలుపెట్టే ముందు బెల్టు తీసి గోడవతల పెట్టిస్తాడు. ఒక్క నిప్పురవ్వ పడినా పట్టీలో దారాలు కరిగి ముద్దవుతాయి. అలా కాలిన పట్టీని వాడకూడదు. మీకు పైపుల చట్రం లేని పాత జీపు ఉండి, నేల రేకుకే బెల్టు బిగించాల్సి వస్తే, రేకు కింద కనీసం 3 ఎంఎం మందం, 40 చదరపు సెంటీమీటర్ల ఉక్కు పలక వేయించండి. ఉత్త వాషర్‌తో వదిలేస్తే రేకు చిరిగి బోల్టు ఊడొస్తుంది.

వెల్డింగ్ చల్లారాక మళ్లీ కూర్చోండి. భుజం పట్టీ పైపును చుట్టి, మూడు కడ్డీల ఇనుప బిళ్లలోంచి వచ్చింది. కుర్రాడు దాని కొసను వెనక్కి మడిచి, అదే బిళ్లలోంచి ఇంకోసారి దూర్చి లాగుతాడు. ఈ రెండోసారి దూర్చకపోతే చేత్తో లాగినప్పుడు గట్టిగానే ఉంటుంది, గుద్దుకున్నప్పుడు జారిపోతుంది. కొస కనీసం నాలుగు అంగుళాలు మిగలాలి.

టక్. టక్. టక్. పట్టీలు బకిల్‌లో పడ్డాయి. ముందు నడుము పట్టీ బిగించుకోండి, తర్వాతే భుజాలవి. ఊపిరి తీసుకుంటే ఛాతీ మీద ఆనుతుంది, ముందుకు వంగబోతే వంగలేరు. కుర్రాడు ఫోన్‌లో గడియారం చూస్తూ "దిగుర్రి!" అని అరుస్తాడు. బకిల్ తిప్పగానే పట్టీలన్నీ ఒకేసారి వదులుతాయి. పోటీలో ఐదు సెకన్లలో బయటపడాలి. మంట అంటుకుంటే అంతకంటే ఎక్కువ సమయం ఉండదు.

ఈ బండి రోడ్డెక్కదు, లారీలో పీతంపూర్ వెళ్తుంది. కానీ రిజిస్ట్రేషన్ ఉన్న బండి నిర్మాణాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. మామూలు కారులో ఇలాంటి ఆరు పట్టీల బెల్టు అక్కర్లేదు కూడా. పైకప్పు నలిగినప్పుడు అది మిమ్మల్ని నిటారుగానే కట్టేసి ఉంచుతుంది, పక్కకు ఒరగనివ్వదు. కారుకు మూడు చోట్ల పట్టుకునే బెల్టే సరైనది. దాన్ని 1959లో వోల్వో కార్ల కంపెనీలో ఇంజినీరు నిల్స్ బోలిన్ రూపొందించాడు. అంతకుముందు ఆయన యుద్ధవిమానాల నుంచి పైలట్లను పైకి విసిరే సీట్ల మీద పనిచేశాడు. వోల్వో ఆ పేటెంట్‌ను మిగతా కంపెనీలన్నీ ఉచితంగా వాడుకోనిచ్చింది.

ఆ బెల్టు వెనక సీటుకూ ఉంటుంది కాబట్టి, బాన్సువాడ నుంచి కామారెడ్డికో హైదరాబాద్‌కో కారులో బయల్దేరేవాళ్లను ఒకటి అడుగుతున్నాను. మీ కారు వెనక సీటు చూడండి. కొత్త సీటు కవర్లు వేయించినప్పుడు బెల్టు బకిళ్లు వాటి కింద పడిపోయి ఉండవచ్చు.  2022 సెప్టెంబర్ 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర సూర్య నది వంతెన మీద జరిగిన కారు ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ, ఆయన పక్కన వెనక సీట్లో ఉన్నాయన ఇద్దరూ చనిపోయారు. ముందు సీట్లో ఉన్న ఇద్దరూ బతికారు. వెనక ఉన్నవాళ్లు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. కవరుకు బ్లేడుతో రెండు గాట్లు పెట్టి ఆ బకిళ్లను ఈరోజే పైకి తీయండి. పట్టీ మెలికపడి ఉంటే సరిచేసి, ఇంట్లో పెద్దవాళ్లను ఒకసారి కూర్చోబెట్టి, నడుము పట్టీ తుంటి ఎముకల కింద పడేలా పెట్టి చూపించండి.