సైకిలు వెనుక ఎర్రబిళ్ల

పాత సైకిలు ఏదైనా చూడండి. వెనుక మడ్‌గార్డు చివర జానెడు మేర తెల్లరంగు పూసి, దాని నడుమ రూపాయి బిళ్లంత ఎర్రని అద్దపుబిళ్ల ఒకటి బిగించి ఉంటుంది. సైకిలు కొన్నవారు బెల్లు మోగునా లేదా, బ్రేకు పట్టునా లేదా అని చూచుకుంటారే గాని ఈ బిళ్లను పట్టించుకొనేవారు అరుదు. దాని వెనుక అరశతాబ్దం పాటు నడచిన ఒక వివాదం ఉన్నది. చీకటి పడిన వేళ ఒకే రోడ్డు మీద ఒకడు మెల్లగాను, అతని వెనుక మరొకడు వేగంగాను పోతున్నప్పుడు, చూడవలసిన బాధ్యత వెనుకవానిదా, లేక కనబడవలసిన బాధ్యత ముందువానిదా? ఈ ప్రశ్నకు చెప్పిన సమాధానాన్ని బట్టి వేలమంది ప్రాణాలు నిలిచినవి, పోయినవి. ఆ చరిత్రను ఈ ప్రసంగంలో సంగ్రహంగా మనవి చేయదలచినాము.

సైకిలు మొదట బాధితుల పక్షాన లేదు. 1870 ప్రాంతంలో ఇంగ్లండు వీధులలో ఎత్తయిన ముందుచక్రపు సైకిళ్లు బయలుదేరినప్పుడు, పాదచారులు, గుర్రపుబండ్లవారు వాటిని చూచి హడలిపోయినారు. చప్పుడు లేకుండా వెనుకనుంచి వచ్చి మీద పడే పిశాచమని తిట్టుకున్నారు. మితిమీరిన వేగంతో బండి తోలేవారిని శిక్షించడానికి 1835 నాటి రహదారుల చట్టం ఉన్నది గాని, సైకిలు బండియా కాదా అన్నది ఎవరికీ తెలియదు. 1879లో ఒక వ్యాజ్యంలో అక్కడి న్యాయస్థానం సైకిలు కూడా బండియే అని తీర్పు చెప్పినది. 1888 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం ఆ మాటను దేశమంతటికీ స్థిరపరచి, రాత్రివేళ ముందు దీపం ఉండవలెననీ, ఎవరినైనా దాటిపోయేటప్పుడు గంట మోగించవలెననీ నియమించినది.

ఆ తీర్పు వల్ల సైకిలువానికి శిక్షతోపాటు హక్కు కూడా వచ్చినది. బండి అయినప్పుడు బండ్లు నడిచే బాటలో దానికీ చోటు ఉన్నట్లే గదా! అంతకంటె ముఖ్యమైనది ఆ చట్టంలోని న్యాయం. దీపమూ, గంటా ఎవరికోసం? నడిచిపోయేవానికోసం. వాటిని మోయవలసినవాడెవడు? వేగంగా పోయేవాడు. మెల్లగా పోయేవానికి హెచ్చరిక చేయడం వేగంగా పోయేవాని విధి అని 1888 నాటి శాసనకర్తలు భావించినారు.

అదే 1888లో బెల్‌ఫాస్టు నగరంలో డన్‌లప్ అనే పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రాల బండికోసం గాలి నింపిన రబ్బరు టైరు కనిపెట్టి, దానికి పేటెంటు తీసుకున్నాడు. సైకిలు సుఖమైన వాహనమైనది. రెండేండ్లు ముందుగానే, అంటే 1886లో, మంచి రోడ్ల కోసం అక్కడ ఒక సంఘం వెలసినది. దానిని నెలకొల్పినవారు సైకిలు సంఘాలవారే. రైళ్లు వచ్చిన తరువాత పాడుపడిన రహదారులను బాగుచేయండని అధికారుల చుట్టూ తిరిగినవారు వారే. ఆ రోడ్ల మీద తరువాత హక్కుదారులై కూర్చున్నవి మోటారుకార్లు. వంట ఒకరిది, విస్తరి మరొకరిది అయినది.

మోటారు వచ్చిన తొలిదినాలలో చట్టం దానిని గట్టిగానే పట్టి ఉంచినది. 1865 నాటి శాసనం ప్రకారం యంత్రశకటానికి ఊళ్లలో గంటకు 2 మైళ్లు, బయట 4 మైళ్లు పరిమితి. ఎర్రజెండా పట్టుకొని ఒక మనిషి ముందు నడవవలె. 1896లో ఆ బంధాలు సడలించి వేగాన్ని 14 మైళ్లకు పెంచినారు; 1903లో 20 మైళ్లు చేసినారు. ఆ 1896లోనే, మే 30వ తేదీన, అమెరికాలోని న్యూయార్కు వీధిలో డ్యూర్యే కంపెనీ మోటారు ఒకటి సైకిలు మీద పోతున్న ఒక స్త్రీని ఢీకొన్నది. ఆమె కాలు విరిగినది. నడిపినవాడు ఆ రాత్రి ఠాణాలో గడిపినాడు. అమెరికాలో మొట్టమొదటి మోటారు ప్రమాదంగా దీనిని పేర్కొనడం పరిపాటి. మోటారుకూ సైకిలుకూ వైరం అంత పాతది.

మొదటి ప్రపంచయుద్ధానంతరం మోటార్లు పెరిగినవి. వేగం పెరిగినది. అప్పుడు న్యాయం మెల్లగా తలక్రిందులు కాసాగినది. ముందున్న సైకిళ్లు రాత్రిపూట తమకు కనబడడం లేదనీ, వాటి వెనుక ఎర్రదీపం నిర్బంధం చేయవలెననీ మోటారువారు కోరినారు. వారి మాటలో సత్యం లేకపోలేదు. నల్లని తారు రోడ్డు, వాన, ముదురురంగు దుస్తులు, ఎదురుగా వచ్చే బండి దీపాల మిరుమిట్లు. వీటి మధ్య సైకిలు మనిషి నీడలో కలసిపోతాడు. చక్రం చేతపట్టిన ప్రతివాడూ ఆ భయం ఎరుగును.

కాని సైకిలువారు ఒప్పుకొనలేదు. 1920 నుండి 1945 వరకు సైకిలు యాత్రికుల సంఘానికి కార్యదర్శిగా ఉన్న స్టాన్సర్ మొదలైనవారి వాదన ఇది: తన దీపపు వెలుతురు ఎంత దూరం పడునో, అంత దూరంలో బండిని ఆపగల వేగంతోనే ఎవడైనా నడపవలె. దారిలో చెట్టు పడి ఉండవచ్చు, పశువు నిలిచి ఉండవచ్చు, ముసలివాడు నడచిపోతూ ఉండవచ్చు. వాటికి వెనుక దీపాలు ఉండవు గదా! ఇంకొక మాట కూడా వారు చెప్పినారు. సైకిలు తొక్కేవానికి తన వెనుక దీపం తనకు కనబడదు. గతుకులో పడి అది ఆరిపోతే అతనికి తెలియదు. అటువంటప్పుడు వెనుకనుంచి బండి వచ్చి కొట్టితే, దెబ్బ తిన్నవాడే దోషి అవుతాడు.

దీపం పెట్టుకొనడానికి వారు బద్ధకించినారని అప్పటి మోటారు పత్రికలు ఎగతాళి చేసినవి. అసలు వారు భయపడినది దీపానికి కాదు. దీపంతోపాటు బాధ్యత కూడా తమ వీపు మీదికి ఎక్కుతుందని. 1927 చట్టం మధ్యేమార్గం త్రొక్కినది. వెనుక ఎర్రదీపమైనా, లేక వెలుగును తిరగకొట్టే ఎర్రబిళ్ల అయినా ఉంటే చాలునన్నది. ఈ బిళ్లకు స్వంత వెలుగు లేదు. వెనుకవాడు తన దీపం సరిగా వెలిగించుకొని, ముందుకు చూస్తూ ఉంటేనే అది మెరుస్తుంది. ఇరుపక్షాల వాదమూ ఆ చిన్న అద్దపుముక్కలో ఇమిడి ఉన్నది.

ఇంతలో 1930లో మరొక చట్టం వచ్చి సొంతకార్లకు వేగపరిమితిని పూర్తిగా ఎత్తివేసినది. ఫలితం చూడండి. 1934లో బ్రిటన్ రోడ్ల మీద 7,343 మంది మరణించినారు. 2,31,603 మంది గాయపడినారు. చనిపోయినవారిలో సగానికి దగ్గరగా పాదచారులు; సైకిలువారు వెయ్యికి పైమాటే. ఆ ఏట రవాణామంత్రి అయిన హోర్-బెలీషా ఊళ్లలో 30 మైళ్ల పరిమితిని తిరిగి తెచ్చినాడు. అది 1935 మార్చిలో అమలైనది. బండి నడపడం నేర్చినట్లు పరీక్ష ఇవ్వవలెనన్న నియమమూ అప్పుడే వచ్చినది. సైకిలు మడ్‌గార్డుకు తెల్లరంగు పూయవలెనని విధించినదీ ఆ 1934 చట్టమే. 1949లో స్థాపితమైన టి. ఐ. సైకిల్స్ సంస్థ మద్రాసు దగ్గరి అంబత్తూరులో హెర్క్యులిస్ వంటి ఇంగ్లీషు రకపు సైకిళ్లు తయారుచేయసాగిన తరువాత కూడా మన వీధులలో తిరిగిన సైకిళ్లకు అదే తెల్లరంగు, అదే ఎర్రబిళ్ల.

1934 డిసెంబరులో లండను నగరపు పడమటి రోడ్డు పక్కన రెండున్నర మైళ్ల ప్రత్యేకమైన సైకిలుబాటను ఆ మంత్రియే ప్రారంభించినాడు. సైకిలు సంఘాలవారు సంతోషించకపోగా నిరసించినారు. ఈనాడు మనకు ఇది వింతగా తోచును. వారి కారణాలు వారికి ఉన్నవి. ఆ బాట ఇరుకు. అడ్డవీధి వచ్చిన ప్రతిచోటా తెగిపోతుంది. ప్రమాదం జరిగేది ముఖ్యంగా కూడళ్లలోనే. అక్కడ ఆ బాట రక్షణ ఇవ్వదు. పైగా, పక్కబాట ఇచ్చినాము గదా, ఇక పెద్దరోడ్డు ఎక్కవద్దని రేపు శాసిస్తారేమో అన్న అనుమానం. 1879లో లభించిన హక్కు చేజారిపోతుందని వారి బెంగ.

వివాదాన్ని తేల్చినది వాదం కాదు, యుద్ధం. 1939 సెప్టెంబరులో శత్రువిమానాల భయంతో వీధిదీపాలు ఆర్పినారు. మోటారు దీపాలకు ముసుగులు తొడిగినారు. వెనుకవాని దీపమే మసకబారిన తరువాత బిళ్ల ఏమి మెరుస్తుంది? సైకిలుకు వెనుక ఎర్రదీపం తప్పనిసరి అయినది. 1941లో అక్కడి రోడ్ల మీద 9,169 మంది చనిపోయినారు; ఆ దేశచరిత్రలో అంతకు మించిన సంఖ్య లేదు. 1945లో ఒక చట్టం ఆ దీపాన్ని శాశ్వతం చేసినది. దీపం నిలిచినది సరే. బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మాత్రం తీరలేదు.

ఆ ప్రశ్నను మళ్లీ ఎత్తినవారు హాలెండు దేశపు తల్లిదండ్రులు. సైకిళ్లకు పుట్టిల్లు వంటి ఆ దేశంలో కూడా యుద్ధానంతరం కార్లు వెల్లువెత్తినవి. 1971లో సుమారు 3,300 మంది రోడ్ల మీద మరణించినారు. అందులో 400 మందికి పైగా పిల్లలు. సైకిలు మీద బడికి పోతూ మరణించిన ఒక బాలిక తండ్రి పత్రికా రచయిత. ఆయన 1972లో ‘శిశుహత్యలు ఆపండి’ అన్న అర్థం వచ్చే శీర్షికతో వ్యాసం వ్రాసినాడు. ఆ మాటే ఒక ఉద్యమానికి పేరైనది. తరువాత యూరపు పార్లమెంటు సభ్యురాలైన మార్త్యే వాన్ పుటెన్ దానికి తొలి అధ్యక్షురాలు. తల్లులు, పిల్లలు వీధులకు అడ్డంగా బల్లలు వేసుకొని కూర్చున్నారు. 1973 చివర పెట్రోలు కరవు వచ్చి, కొన్ని ఆదివారాలు కార్లు నిషేధించినప్పుడు, కార్లు లేని వీధి ఎట్లుండునో జనులు కంటితో చూచినారు.

తరువాత కథ కొంత తెలిసినదే. టిల్‌బర్గ్, హేగ్ నగరాలలో ప్రయోగాత్మకమైన సైకిలుమార్గాలు, డెల్ఫ్ట్ నగరమంతటా సైకిలుబాటల అల్లిక ఏర్పడినవి. ఇక్కడ బాట కూడలి దగ్గర తెగిపోలేదు. కూడలినే మార్చి కట్టినారు. ఇండ్ల మధ్య వీధులలో కారు మనిషి నడకతో నడవవలెనని 1976లో చట్టం వచ్చినది. మోటారు సైకిలువానికి హాని చేస్తే, తప్పించుకొనడానికి అసాధ్యమైన పరిస్థితి అని రుజువు చేసుకొంటే తప్ప నష్టపరిహారం మోటారు పక్షమే ఇచ్చుకోవలె; దెబ్బ తిన్నది 14 ఏండ్ల లోపు పిల్లలైతే దాదాపు పూర్తి పరిహారం. ఇది శిక్షాస్మృతి కాదు, పరిహారానికి సంబంధించిన న్యాయం. కాని అది 1888 నాటి భావానికి తిరిగి రావడమే. 2019 నాటికి అక్కడి రోడ్డు మరణాలు ఏటికి 661కి దిగినవి. అంతమాత్రాన అది స్వర్గమని అనలేము. 2017లో అక్కడ కార్లలో పోయినవారు 201 మందికాగా, సైకిలు మీద పోయినవారు 206 మంది.

మన సంగతి ఏమిటి? ఈ న్యాయం మన చట్టాలకు కొత్త కాదు. 1939 మోటారు వాహనాల చట్టానికి 1982లో చేసిన సవరణ, తప్పెవరిదని తేలకపోయినా మృతుని కుటుంబానికి కొంత పరిహారం ఇవ్వవలెనన్నది. 1988 చట్టం దానిని నిలుపుకొన్నది. 2019 సవరణతో వచ్చిన 164వ సెక్షను తప్పు రుజువు చేయనక్కరలేకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్రగాయానికి రెండున్నర లక్షల రూపాయలు నిర్ణయించినది. కాని పరిహారం ప్రాణం పోయిన తరువాతి మాట. 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది మరణించినారు.

మన పట్టణాలలో ఒకప్పుడు పురపాలక సంఘానికి పన్ను కట్టి సైకిలుకు రేకుబిళ్ల తెచ్చుకొనవలసి ఉండేది. దీపం లేని సైకిలును, ఇద్దరెక్కిన సైకిలును కూడలిలో ఆపి జరిమానా వేసేవారు. నియమం మంచిదే. అయితే కనబడవలసినవాని మీద ఉన్న ఆ శ్రద్ధ, చూడవలసినవాని మీద అంతగా ఉండినదా? 2023 అక్టోబరులో హైదరాబాదు ఔటర్ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలుబాట సూర్యఫలకాల పైకప్పుతో ప్రారంభమైనది. అది మెచ్చదగిన పనియే. కాని తెల్లవారుజామున పాలూ పత్రికలూ వేసేవారు, రాత్రి కాపలా ముగించి ఇంటికి పోయేవారు తొక్కేది ఊరి నడుమ. వారికి సైకిలు వ్యాయామం కాదు, జీవనం.

సైకిలు తొక్కేవారు వెనుక దీపం తప్పక వెలిగించుకొనవలె. ఆ దీపాన్ని వద్దనే కాలం ఏనాడో గడచినది. కాని వెలిగే దీపం దెబ్బ తినేవాని వద్ద ఉన్న సాక్ష్యమే గాని, దెబ్బ కొట్టేవానికి క్షమాపత్రం కాదు. ‘కనబడలేదు’ అన్న మాటతో విచారణ ముగియరాదు, ‘ఎందుకు కనబడలేదు? కనబడేంత మెల్లగా ఎందుకు నడపలేదు?’ అన్న ప్రశ్నతో అది మొదలు కావలె. వేగం ఎవరి చేతిలో ఉన్నదో, జాగ్రత్త మొదట వారి విధి.