లండన్‌లో మన అమరావతి

అబ్బాయి వెంట లండన్ వెళ్లి టవర్ బ్రిడ్జి, బిగ్‌బెన్ గడియారం చూశాను. నా అడుగు ఆగింది మాత్రం బ్రిటిష్ మ్యూజియంలో, మన అమరావతి శిల్పాల ముందు.

1797లో మెకంజీ దొర స్తూపాన్ని చూసేనాటికే మనవాళ్లు కట్టడాలకు ఆ రాళ్లు తవ్వుకుపోతున్నారు. 1845లో ఇలియట్ దొర తవ్వించినవి మద్రాసు చేరాయి. వాటిలో చాలా భాగం 1859లో ఓడెక్కాయి. 1880లో ఈ మ్యూజియానికి వచ్చాయి.

అక్కడొక పలకపై స్తూపం నిండు రూపం చెక్కి ఉంది. ఇక్కడ మిగిలింది దిబ్బే. ఉద్యోగరీత్యా క్యాంపులకు ఎన్నిసార్లు అమరావతి వెళ్లానో! అమరేశ్వరుని దర్శించుకుని బస్సెక్కేవాణ్ణి. దిబ్బ దాకా ఏనాడూ నడవలేదు. పరాయి దేశంలో మనవడు "మన ఊరి రాళ్లా తాతయ్యా?" అంటే తల దించుకున్నాను.

దొరలు తీసుకుపోయారన్న బాధ నిజమే. మనం చూడలేదన్నదీ నిజమే. మీ మనవలకు ముందు అమరావతి చూపించండి.